గాలి ముప్పై అయిదు దాటితే

రాత్రి పదకొండు కావస్తోంది. కుర్చీ ముందుకు జరుపుకోండి. ఇప్పట్నుంచి రెండున్నర దాకా ఈ రేడియో టెలిస్కోప్ మీది.

మీ ఎడమ పక్కన ఆపరేటర్ కూర్చున్నాడు. నడివయసు మనిషి, మాట తక్కువ. మీ ఎదురుగా మూడు తెరలు. ఒకదాని మీద మీరు వారం పాటు దిద్దుకున్న పరిశీలన ప్రణాళిక. ఒకదాని మీద ఖాళీ గ్రాఫు. మూడోదాని మీద కెమెరా చూపిస్తున్న టెలిస్కోప్, మైలు దూరంలో, చీకట్లో తెల్లగా.

"సిద్ధమేనా?" అంటాడు ఆపరేటర్.

తలూపుతారు. గొంతు ఎండిపోయింది.

మీరున్నది వెస్ట్ వర్జీనియాలో, అల్లెఘేనీ కొండల నడుమ ఉన్న గ్రీన్ బ్యాంక్ అనే పల్లెలో. జనవరి నెల. బయట మైనస్ అయిదు డిగ్రీలు. జేబులో ఫోన్ పొద్దుట్నుంచీ మోగలేదు, మోగదు కూడా. ఇక్కడ సిగ్నల్ ఉండదు. చుట్టూ 13,000 చదరపు మైళ్ల నేలను 1958లోనే రేడియో నిశ్శబ్ద మండలంగా ప్రకటించారు. మధ్యాహ్నం మిమ్మల్ని టెలిస్కోప్ దగ్గరికి తీసుకెళ్లింది పాత డీజిల్ బండి. పెట్రోలు బండిని అంత దగ్గరికి రానివ్వరు. స్పార్క్ ప్లగ్గు వెలిగిన ప్రతిసారీ రేడియో రొద పుడుతుంది, ఆ రొద ముందు మీరు వెతికే నక్షత్ర మేఘం మాట వినబడదు. ఈ గది గోడల్లోనూ లోహపు కవచం ఉంది. మీ ముందున్న కంప్యూటర్ల సొద కూడా బయటికి పోకూడదు.

మౌస్ నొక్కండి.

కెమెరా తెర మీద ముందు ఏమీ జరగదు. తర్వాత ఆ తెల్లటి ఆకారం మొత్తం నిదానంగా పక్కకు తిరగడం మొదలుపెడుతుంది. 148 మీటర్ల ఎత్తు. 7,700 టన్నుల బరువు. గుండ్రటి ఉక్కు పట్టా మీద 16 చక్రాలు కదులుతున్నాయి. ఒక్కో చక్రం నెత్తిన సగటున 480 టన్నులు. డిష్ విస్తీర్ణం 2.3 ఎకరాలు. ఊళ్లో రెండెకరాల చేను గట్టు మీద ఎప్పుడైనా నిలబడి ఉంటే, ఆ చేను చేనంతా లేచి ఆకాశం కేసి ఒరిగినట్టు ఊహించుకోండి. దాన్ని కదిలించింది మీ చూపుడువేలు.

అసలు పనికి ముందు ఒక పరీక్ష ఉంది. దూరపు క్వేజార్ ఒకదాని మీదుగా డిష్‌ని అడ్డంగా రెండుసార్లు, నిలువుగా రెండుసార్లు నడిపించాలి. ప్రతి నడకకీ గ్రాఫు మీద ఒక గుట్ట లేస్తుంది. గుట్ట శిఖరం సున్నా గీత మీద ఉంటే టెలిస్కోప్ మీరు చెప్పిన చోటికే చూస్తున్నట్టు. మొదటి గుట్ట లేచింది. నున్నగా, సమానంగా. రెండోది. మూడోది. నాలుగోది. తర్వాత ఫోకస్. మధ్యాహ్నం మీకు ఇదంతా నేర్పింది ఇక్కడి శాస్త్రవేత్త ఒకామె. ప్రతి ప్రాజెక్టుకీ అబ్జర్వేటరీ ఇలా ఒకరిని తోడు ఇస్తుంది. మీ ప్రణాళికలో తప్పులు వెతికి, ఏ రిసీవర్‌తో ఏది కుదురుతుందో చెప్పి, మీరు మొహమాటపడి అడగని ప్రశ్నకు కూడా జవాబిస్తుంది. ఇంటికి వెళ్తూ తన ఫోన్ నంబరు కాగితం మీద రాసి కీబోర్డు కింద పెట్టింది. ఎన్ని గంటలకైనా చెయ్యమంది.

ఇప్పుడు ఒరాయన్. వేటగాడి కత్తి దగ్గరున్న మేఘంలో కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. ఆ చల్లటి మబ్బులో అమ్మోనియా ఉంది. అది 23.7 గిగాహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, ఆ పలుకును బట్టి మబ్బు ఎంత చల్లగా ఉందో లెక్కగట్టవచ్చు. మీ రిసీవర్‌కి ఏడు కళ్లున్నాయి, ఒక్కోదాన్ని బీమ్ అంటారు. ఒకేసారి ఆకాశంలో ఏడు చోట్ల వింటుంది. దాని గుండెను హీలియంతో మైనస్ 258 డిగ్రీల దాకా చల్లబరిచి ఉంచారు, తన వేడి రొద తనకే అడ్డు రాకుండా.

తెర మీద ఏడు గీతలు. ఆరు నిటారుగా నడుస్తున్నాయి. నాలుగోది వణుకుతోంది.

కంగారుపడకండి. టైము రాయండి. కోణం రాయండి. బీమ్ నంబరు రాయండి. మధ్యాహ్నం ఆమె రెండుసార్లు చెప్పిన సంగతి ఇదే: వింతగా ఏది కనబడినా లాగ్‌లో పెట్టు, చిన్నదని వదిలెయ్యకు.

పదకొండున్నర. మొదటి చిత్రం సగం పూర్తయింది. డిష్ కొంచెం కొంచెంగా ఒరుగుతోంది, ఒరిగిన కొద్దీ తన బరువుకి తానే వంగుతోంది. అయినా గ్రాఫు చెదరలేదు. ఎందుకంటే ఆ రెండెకరాల ఉపరితలం ఒకే రేకు కాదు. 2,004 పలకలు. వాటి మూలల కింద 2,209 చిన్న మోటార్లు. మీరు ఇక్కడ ఊపిరి పీల్చే లోపల అవి అక్కడ పలకల్ని వెంట్రుకవాసి మేర ఎత్తుతూ దించుతూ ఉన్నాయి. 2000లో ఈ టెలిస్కోప్‌ని ప్రారంభించినప్పుడు ఉపరితలం ఇంత నున్నగా లేదు. ఏళ్ల తరబడి కొలిచి, సరిచేసి, మళ్లీ కొలిచి, నిలకడైన రాత్రుల్లో దోషాన్ని పావు మిల్లీమీటరు దగ్గరికి తెచ్చారు. ఉక్కు అదే, మోటార్లు అవే. మెరుగుపడింది మనుషులు దాన్ని అర్థం చేసుకున్న తీరు.

పక్క టేబుల్ మీద ల్యాండ్‌లైన్ మోగుతుంది. యూనివర్సిటీ నుంచి మీ సీనియర్. గుంటూరమ్మాయి. మీ తెరలే అక్కడ తన తెర మీదా చూస్తోంది.

"గాలి చూస్తున్నావా?"

"లేదక్కా, ఎంతుంది?"

"పద్దెనిమిది. ఇందాక పన్నెండే."

గంటకి పద్దెనిమిది మైళ్లు. మీకు ఈ గదిలో ఏమీ తెలియడం లేదు. కానీ ఆ డిష్‌కి తెలుస్తోంది. 23 గిగాహెర్ట్జ్ దగ్గర టెలిస్కోప్ చూపు చాలా సన్నం. గాలి డిష్‌ని కాస్త నెట్టినా చూపు మబ్బు అంచుకు జారిపోతుంది.

ఇక్కడ తేల్చుకోవాలి. పరీక్ష మళ్లీ చేస్తే ఏడెనిమిది నిమిషాలు పోతాయి. చెయ్యకపోతే వచ్చేది నిజమైన మబ్బో, జారిన చూపో తెలియదు.

"చేస్తానక్కా."

"చెయ్యి."

క్వేజార్ వైపు తిప్పుతారు. గుట్ట లేచింది. శిఖరం సున్నా మీద లేదు, కుడికి జరిగింది. రెండో గుట్ట ఎడమకి జరిగింది. గాలి ఊపుతోంది.

ఆపరేటర్ కుర్చీలో ముందుకు వంగాడు. ఇప్పుడు అతను చూస్తున్నది మీ గ్రాఫుల్ని కాదు. గాలి మీటరుని.

ఇరవై ఆరు.

మీరు మబ్బు మీదికి తిరిగొచ్చారు. ఇంకో అయిదు వరుసలు అయితే మొదటి చిత్రం పూర్తి.

ముప్పై.

నాలుగు వరుసలు.

ముప్పై మూడు. కెమెరా తెర వణుకుతోంది.

మూడు వరుసలు.

ముప్పై ఆరు.

"ఆపుతున్నాను," అంటాడు ఆపరేటర్.

"మూడు నిమిషాలు. మూడే నిమిషాలు చాలు."

"లేదు."

బటన్ నొక్కేశాడు. డిష్ నిలిచిపోయింది. మీ ఏడు గీతలూ అక్కడికక్కడే ఆగాయి.

నియమం తేటగా ఉంది. ఒక నిమిషం సగటున గాలి 35 మైళ్లు దాటితే కదలిక ఆపాలి. విసురు 40 దాటితే డిష్‌ని పెనుగాలిని తట్టుకునే భంగిమకు చేర్చాలి. గాలి దిగాక కూడా పదిహేను నిమిషాలు నిలకడగా ఉండాలి, అప్పుడే మళ్లీ కదిలించాలి. చలి మైనస్ తొమ్మిదికి దిగితే తిరిగే వేగం సగానికి తగ్గించాలి. తడి మంచు ఉక్కుకి అంటుకుంటే డిష్‌ని వంచి రాల్చాలి. టెలిస్కోప్ భద్రత విషయంలో చివరి మాట ఆపరేటర్‌దే. ఎంత పెద్ద ప్రొఫెసర్ ఫోన్ చేసినా, ఎంత అరుదైన విస్ఫోటం ఆకాశంలో వెలుగుతున్నా.

నలభై ఒకటి. అతను మిమ్మల్ని అడగలేదు. డిష్ మీ మేఘాన్ని వదిలేసి తన సురక్షిత స్థానానికి వెళ్లిపోతోంది.

మీకు కోపం వస్తోంది. రావడం సహజమే. ఈ మూడున్నర గంటల కోసం ప్రతిపాదన రాశారు, సమీక్షకు పంపారు, నెలలు ఎదురుచూశారు. గాలి తగ్గేదాకా చేసే పని లేదు. ఇంత పట్టుదల దేనికని ఆపరేటర్‌ని అడగండి.

అతను ఒక తేదీ చెబుతాడు. 1988 నవంబర్ 15.

ఇదే లోయ. ఇప్పుడు మీరు కూర్చున్నది వేరే గదిలో, వేరే డిష్ పక్కన. దాని వెడల్పు 300 అడుగులు. 1962లో తక్కువ ఖర్చుతో, రెండేళ్లలోపే నిలబెట్టారు. కొన్నేళ్లు పనిచేస్తే చాలు, ఆ తర్వాత మంచిది కట్టుకుందాం అనుకున్నారు. అది ఉత్తర దక్షిణాలకు మాత్రమే వంగుతుంది, తక్కిన తిప్పుడంతా భూమిదే. అయినా ఖగోళ శాస్త్రవేత్తలు దాన్ని వదల్లేదు. 1968లో క్రాబ్ నీహారికలో గిర్రున తిరిగే నక్షత్రం, పల్సార్, దొరికింది దానితోనే. 1970లో ఉపరితలం మార్చారు. కొత్త రిసీవర్లు పెట్టారు. మళ్లీ ఇంకా కొత్తవి పెట్టారు. చెవులు కొత్తవవుతూ వచ్చాయి. ఎముకలు అవే. ఇరవై ఆరేళ్లు గడిచాయి.

రాత్రి తొమ్మిది దాటింది. బయట గాలి లేదు. మీరు ఆపరేటర్. డిష్ తన పని తాను చేసుకుపోతోంది. తెర మీద అంతా మామూలుగానే ఉంది.

9 గంటల 43 నిమిషాలు.

ఒక చప్పుడు.

ఎప్పుడూ వినని చప్పుడు. పైనుంచి వస్తోంది. నేల అదిరింది.

లేవండి. తలుపు. బయటికి. పరుగెత్తండి.

వెనక్కి చూడండి.

ఆకాశంలో డిష్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. నేల మీద మెలికలు తిరిగిన ఉక్కు గుట్ట ఉంది.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఆపరేటర్‌కి గాయం కాలేదు. కూలడానికి ముందు ఆ మధ్యాహ్నం, మర్నాడు పొద్దున, ఒకే చోట నిలబడి రిచర్డ్ పోర్కస్ అనే శాస్త్రవేత్త తీసిన రెండు ఫొటోలు రేడియో ఖగోళంలో పనిచేసే వాళ్లందరికీ తెలుసు. మొదటిదాంట్లో లోయ నిండా డిష్. రెండోదాంట్లో నేల కరిచిన ఇనుము. విచారణ బృందం కారణం వెతుకుతూ వెళ్లి ఒక పలక దగ్గర ఆగింది. దూలాలను కలిపే గసెట్ పలక. అంత పెద్ద నిర్మాణంలో అదొక్కటి విరిగింది. అది మోయాల్సిన దానికంటే ఎక్కువ ఒత్తిడిని ఎన్నాళ్లుగానో మోస్తూ వచ్చింది.

ఈ చోట ఒక మాట గట్టిగా చెప్పాలి. టెలిస్కోప్‌ని మెరుగుపరచడం అనగానే మనకు కొత్త రిసీవర్, కొత్త కంప్యూటర్ గుర్తొస్తాయి. వాటికి నిధులు అడగడం తేలిక, ప్రారంభోత్సవాలూ ఉంటాయి. బోల్టు తనిఖీకి, తుప్పు గీకి రంగు వెయ్యడానికి, పట్టా కింద పగిలిన కాంక్రీటు పూతకి డబ్బు అడిగితే అంత ఉత్సాహంగా చెయ్యి లేవదు. 2007 వేసవిలో ఈ కొత్త టెలిస్కోప్ నడిచే పట్టానే బాగుచెయ్యాల్సి వచ్చింది. ఆ వేసవి పరిశీలనలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఇక్కడి నుంచి వచ్చిన ప్రతి పరిశోధన పత్రమూ ఆ పట్టా మీదే నిలబడింది. 2012లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నియమించిన కమిటీ, ఈ టెలిస్కోప్‌కి ఫౌండేషన్ ఇచ్చే డబ్బు మానెయ్యమని సిఫారసు చేసింది. 2016 అక్టోబర్‌లో గ్రీన్ బ్యాంక్ విడి అబ్జర్వేటరీగా నిలబడి, సొంతంగా భాగస్వాములను వెతుక్కోవాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో కూడా రంగు డబ్బా, రెంచీ పట్టుకుని పైకెక్కేవాళ్లు ఉండబట్టే మీకు ఈ రాత్రి ఈ కుర్చీ దొరికింది.

ఇలాంటివి గడిచిపోయిన కథలని అనుకోవడానికి లేదు. ప్యూర్టోరికోలోని అరెసిబో గుర్తుందా? 305 మీటర్ల డిష్. 2020 ఆగస్టు 10న ఒక సహాయక కేబుల్ సాకెట్ నుంచి జారింది. నవంబర్ 6న ప్రధాన కేబుల్ తెగింది. డిసెంబర్ 1 పొద్దున 900 టన్నుల వేదిక డిష్ మీదికి కూలిపోయింది.

ఇక ఈ రాత్రికి తిరిగొచ్చి గాలి మీటరు చూడండి. ముప్పై రెండు.

గడియారం మొదలైంది. పదిహేను నిమిషాలు.

పదో నిమిషంలో మళ్లీ విసిరింది. ముప్పై ఏడు. గడియారం మళ్లీ సున్నా.

ఈసారి మీకు కోపం రాలేదు.

ఒంటిగంట దాటాక గాలి ఇరవై రెండుకు దిగింది. పదిహేను నిమిషాలు అలాగే నిలిచింది. ఆపరేటర్ మీ వైపు తిరిగాడు. "ఇక నీ ఇష్టం."

మీకింకా గంట పైన ఉంది. ఇప్పుడు అసలైన నిర్ణయం. ఇరవై రెండు మైళ్ల గాలి టెలిస్కోప్‌కి ప్రమాదం కాదు. కానీ మీ 23 గిగాహెర్ట్జ్ పనికి అది పనికిరాని గాలి. మొండిగా సాగిస్తే గంట డేటా చేతికొస్తుంది, అందులో సగం చెత్త. వదులుకుంటే? ఇంకో బృందం వరసలో ఉంది. వాళ్లు పల్సార్లను పదేపదే చూసి, వాటి టిక్కుల్ని కొలుస్తారు. వాళ్ల తరంగాలు చాలా పొడవు, వాళ్ల చూపు చాలా వెడల్పు. ఈ గాలి వాళ్లకి లెక్కలోది కాదు. మీరు వదిలిన గంట మీ ఖాతాలోంచి పోదు, వాతావరణం కుదిరినప్పుడు షెడ్యూలు మళ్లీ మిమ్మల్ని పిలుస్తుంది. కానీ ఎప్పుడో తెలియదు. ఒరాయన్ ఎల్లకాలం రాత్రిపూట ఉండదు.

ఫోన్ అందుకోండి.

"అక్కా, ఏం చెయ్యమంటావు?"

"కుర్చీలో ఉన్నది నువ్వు."

ఇందాకటి గుట్టల్ని ఇంకోసారి చూస్తారు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి.

"వదిలేస్తున్నాను," అంటారు ఆపరేటర్‌తో.

అతను తలూపి ఫోన్ తీశాడు. ఎక్కడో నిద్రపోతున్న ఎవరినో లేపుతున్నాడు. నిమిషాల్లో వాళ్ల ప్రణాళిక తెరమీదికొచ్చింది. డిష్ పైన, రిసీవర్ల గదిలో, ఎనిమిది రిసీవర్లను మోసే చక్రం తిరిగింది. మీ ఏడు కళ్ల రిసీవర్ పక్కకు జరిగి ఇంకొకటి ఫోకస్ కిందికి వచ్చింది. ఎవరూ నిచ్చెన ఎక్కలేదు, ఏదీ విప్పలేదు. ఒకే రాత్రిలో పని మార్చుకోగలగడం మొదట్నుంచీ దీని నిర్మాణంలోనే ఉంది.

వెళ్లిపోవచ్చు మీరు. వెళ్లరు. తెర మీద రొదలోంచి ఒక ముల్లు పైకి లేస్తోంది. పల్సార్. ఇది సెకనుకి వందలసార్లు తిరిగే నక్షత్రం. 2023 జూన్‌లో నానోగ్రావ్ అనే బృందం ఇలాంటి 68 పల్సార్ల పదిహేనేళ్ల టిక్కుల్ని కలిపి చూసి, అంతరిక్షమే నిదానంగా అలలు వేస్తోందని, అది గురుత్వ తరంగాల ఆనవాలని ప్రకటించింది. ఆ డేటాలో పెద్ద భాగం ఈ డిష్‌దీ అరెసిబోదీ. అరెసిబో లేని లోటును ఇప్పుడు మోస్తున్న వాటిలో ఇదీ ఒకటి. పదిహేనేళ్లంటే ఎన్ని గాలి రాత్రులు, ఎందరు ఎన్ని గంటలు ఒకరికొకరు విడిచిపెట్టి ఉంటారో లెక్క కట్టండి.

పొద్దున ఎనిమిది. నిద్ర సరిపోలేదు. క్యాంటీన్‌లో కాఫీ పట్టుకుని కూర్చున్నారో లేదో, జాకెట్ మీద గ్రీజు మరకలున్న ఒక టెక్నీషియన్ ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"నాలుగో బీమ్ వణుకుతోందని రాసింది నువ్వేనా?"

"నేనే."

"ఎప్పుడూ వణికిందా, డిష్ ఒరిగినప్పుడేనా?"

ఈ ప్రశ్న ఎందుకో అతనే చెబుతాడు. డిష్ ఒరిగినప్పుడు మాత్రమే వణికితే ఎక్కడో కేబుల్ వదులై ఉంటుంది, పైకెక్కి బిగించవచ్చు. ఎప్పుడూ వణుకుతూనే ఉంటే లోపలి యాంప్లిఫయర్ మీద అనుమానం. అప్పుడు రిసీవర్‌ని దించాలి, వేడెక్కనివ్వాలి, విప్పాలి, మళ్లీ మైనస్ 258కి చల్లార్చాలి. అది రోజుల పని. ఆ రోజుల్లో ఆ రిసీవర్ ఎవరికీ ఉండదు, చలికాలపు మంచి రాత్రులు వృథా అవుతాయి.

అతను తన చిన్న నోటు పుస్తకం తెరిచి పెన్ను పట్టుకున్నాడు. మీరు కాఫీ కప్పు పక్కన పెట్టి లాగ్ తియ్యండి. పదకొండు గంటల ఇరవై ఒక్క నిమిషాలు, డిష్ ఎత్తు నలభై నాలుగు డిగ్రీలు, వణుకు కొంచెం. పదకొండు నలభై, నలభై రెండు, వణుకు లేదు. పన్నెండూ అయిదు, ముప్పై తొమ్మిది, మళ్లీ మొదలు. ఒక్కొక్కటే చదవండి, అతను రాసుకుంటాడు.